సంఘపు ఈమెయిలు ఖాతా: కార్యాలయ కంప్యూటరులో నెలకొల్పు విధము, కాపాడు విధము

సహకార సంఘమునకు పద్దు పుస్తకము లెంత ముఖ్యములో ఉత్తర ప్రత్యుత్తరములును అంత ముఖ్యములు. అప్పు మంజూరైనదనుటకును, ఎరువుల ఇండెంటు సకాలమున పంపితిమనుటకును, ఫలానా తేదీనాటి సర్క్యులరు తమకు చేరనే లేదనుటకును కాగితమే సాక్ష్యము. పూర్వము తపాలా బంట్రోతు తెచ్చిన ప్రతి కవరును గుమాస్తా చించి, వచ్చిన కాగితముల రిజిస్టరులో వరుస సంఖ్య వేసి, తేదీ ముద్ర కొట్టి, ఫైలులో కుట్టుచుండెడివాడు. గుమాస్తా మారినను ఫైలు కదలెడిది కాదు. బీరువా తాళముచెవి క్రొత్తవానికి అప్పగించిన చాలును.

నేడు పై కార్యాలయములనుండి వచ్చు ఉత్తరువులలో పెక్కు ఈమెయిలు మూలముననే వచ్చుచున్నవి. 2022 జూను నెలలో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. ఇట్లు కంప్యూటరు కార్యాలయమునకు వచ్చినది గాని, పెక్కు చోట్ల బీరువా తాళముచెవి మాత్రము కార్యాలయము విడిచి పోయినది. సంఘపు ఈమెయిలు ఒక ఉద్యోగి జేబులోని ఫోనులో నుండును. పాస్‌వర్డు ఆయనకు మాత్రమే తెలియును. ఆయన బదిలీ యైననాడో, విరమించిననాడో, ఫోను కాలువలో పడిననాడో సంఘపు ఉత్తరములన్నియు ఆయనతోడనే పోవును. ఆడిటు నాడు ఫలానా ఉత్తరము చూపుడని యడిగిన పాలకవర్గమువారు ఒకరి మొగమొకరు చూచుకొనవలసివచ్చును.

కావున సంఘము పేర ఒక ఈమెయిలు ఖాతా నుంచుకొని, దానిని కార్యాలయపు కంప్యూటరులో ఒక మెయిలు ప్రోగ్రాములో నెలకొల్పి, మనుష్యులు మారినను ఉత్తరములు చెడకుండ నడుపుట యెట్లో ఈ పాఠమున వివరింతుము. ఇచ్చట ఖాతా యనగా అప్పు ఖాతా వంటిది కాదు. దూరముననున్న సర్వరు అను పెద్ద కంప్యూటరులో మన పేర నుంచిన ఉత్తరముల పెట్టె యని గ్రహింపవలయును. మెయిలు ప్రోగ్రాములు పెక్కు గలవు. మేము మొజిల్లా వారి థండర్‌బర్డ్ అనుదానిని ఉదాహరణముగా గైకొందుము. దీని 1.0 కూర్పు 2004 డిసెంబరులో వెలువడినది. ఇది వెల లేకుండ లభించును. విండోసునందును, లినక్సునందును, మ్యాకునందును పనిచేయును. విండోసుతో కూడ వచ్చుచుండిన ‘మెయిల్’ అను చిన్న ప్రోగ్రామునకు మైక్రోసాఫ్టువారు 2024 డిసెంబరు 31 తో పోషణ మానివేసిరి గనుక, దానిని నమ్ముకొనిన కార్యాలయములవారికి గూడ ఈ పాఠము పనికివచ్చును.

బ్రౌజరు తెరచి ఉత్తరములు చదువుకొనిన చాలదా యని కొందఱడుగుదురు. ఒక్క ఖాతా మాత్రమే యుండి, ఇంటర్నెట్టు ఎన్నడును తెగని చోట చాలును. కాని సంఘమునకొకటి, ధాన్యపు కొనుగోలు కేంద్రమునకొకటి, గిడ్డంగికొకటి యిట్లు రెండు మూడు ఖాతాలున్నచోట అన్నిటిని ఒక్క కిటికీలో చూచుట సుకరము. వర్షకాలమున తీగలు తెగి రెండు దినములు ఇంటర్నెట్టు లేకున్నను పాత ఉత్తరములు మన యంత్రముననే యుండుటచేత చదువుకొనవచ్చును. ఉత్తరములకు మన చేతిలో ఒక నకలు నిలుచుటయు గొప్ప మేలే.

ఉత్తరము ఎచ్చట నుండును?

ఈ ప్రశ్నకు సమాధానము తెలియక ముందు ఏ మీటయు నొక్కరాదు. ఈమెయిలు విషయమున జరుగు నష్టములలో సగము ఇది తెలియకపోవుటచేతనే జరుగుచున్నవి.

1971 లో రే టామ్లిన్‌సన్ అను అమెరికా దేశపు ఇంజనీరు ఒకే గదిలో ప్రక్కప్రక్కననున్న రెండు యంత్రముల నడుమ ఆర్పానెట్ అను వలయము ద్వారా ఉత్తరము పంపెను. మనిషి పేరును యంత్రము పేరును వేరుచేయుటకు ‘ఎట్’ గుర్తును వాడినవాడు ఆయనయే. నేటికిని చిరునామా కట్టుబాటు అదియే: గుర్తునకు ముందు పెట్టె పేరు, వెనుక ఆ పెట్టె యున్న ఊరి పేరు వంటిది. పిమ్మట 1982 లో ఉత్తరము పంపు పద్ధతికి ఎస్.ఎం.టి.పి. అను నియమము లేర్పడినవి. పంపిన ఉత్తరము మనకు చేరు పద్ధతులు రెండు. ఒకటి 1984 లో మొదలైన పాప్. రెండవది 1986 లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్.

వీని భేదమును తపాలా కచ్చేరితో పోల్చి చెప్పవచ్చును. పాప్ అనగా మన మనిషి తపాలా కచ్చేరికి పోయి, మన పెట్టెలోని ఉత్తరములన్నిటిని సంచిలో వేసికొని యింటికి తెచ్చుట. పెట్టె ఖాళీ యగును. ఉత్తరములు మన యింటనే యుండును. ఇల్లు తగులబడిన ఉత్తరములును తగులబడును. పాప్ పద్ధతిలో ‘ఉత్తరములను సర్వరునందే యుంచుము’ అను ఏర్పాటు గలదు గాని, దాని ప్రక్కన ‘ఇన్ని దినములు మాత్రమే’ అను అంకె యుండును. దానిని చూడక విడిచిపెట్టినచో గడువు తీరగనే పెట్టె యంతయు ఖాళీ యగును. ఐమ్యాప్ అనగా ఉత్తరము కచ్చేరిలోనే యుండును. మన యంత్రమున కనబడునది దాని ప్రతిబింబము. కార్యాలయమున చదివినది ఫోనునందు గూడ చదివినట్లే కనబడును. కార్యాలయమున ఒక ఫోల్డరు చేసిన ఫోనులోను ఆ ఫోల్డరు చేరును. ఇది మిక్కిలి సౌకర్యము. కాని అద్దములోని బొమ్మ నిజ వస్తువును వీడియుండదు గదా: కార్యాలయమున ఒక ఉత్తరమును తుడిచివేసిన సర్వరునందును, కార్యదర్శి ఫోనునందును, అధ్యక్షుని ఫోనునందును అది తుడిచిపెట్టబడును. ఐమ్యాప్ ఉన్నది గనుక ఉత్తరములకు నకలు ఉన్నదే యని తలచువారు ఈ మాటను రెండుమారులు చదువవలయును.

ఇద్దరు ముగ్గురు చూడవలసిన సంఘపు ఖాతాకు మా యభిప్రాయమున ఐమ్యాప్ పద్ధతియే తగినది. నకలు సంగతి వేరుగా చూచుకొనవలయును. దానిని ముందు చెప్పుదుము.

ఖాతా ఎవరిది?

మెయిలు ప్రోగ్రాము జోలికి పోకముందే ఖాతా సంఘముదగునట్లు చేయవలయును. చిరునామాలో ఉద్యోగి పేరు కాక సంఘము పేరును గ్రామము పేరును ఉండవలయును. అంతకంటె ముఖ్యమైనది మఱొకటి గలదు. ఖాతా తెరచునపుడు, పాస్‌వర్డు మఱచిన యెడల తిరిగి పొందుటకు ఒక ఫోను సంఖ్యను, ఒక రెండవ చిరునామాను అడుగుదురు. ఆ సంఖ్య ఎవరిదో ఖాతాకు నిజమైన యజమాని వాడే. బోర్డుమీద ఎవరి పేరున్నను, పాస్‌వర్డు ఎవరు మార్చినను, ఆ ఫోను చేతనున్నవాడు ‘మఱచితిని’ అని యొక మాట నొక్కి తాళమును తిరిగి తనదిగా చేసికొనగలడు. కావున ఆ సంఖ్య సంఘము పేర కొనిన సిమ్‌కార్డుదై యుండవలయును. ఆ సిమ్‌కార్డునకు రీచార్జి తప్పరాదు. నెలల తరబడి రీచార్జి చేయని సంఖ్యను కంపెనీవారు రద్దుచేసి మఱొకరి కిచ్చుట కలదు.

ఉచిత ఖాతా నుంచుకొనినవారు మఱొక నియమము నెఱుగవలయును. గూగులువారు రెండేండ్లు వాడక విడిచిన సొంత ఖాతాలను తొలగించు పద్ధతిని 2023 డిసెంబరునుండి అమలునకు తెచ్చిరి. ఒకసారి తొలగిన జీమెయిలు చిరునామాను తిరిగి ఎవరును పొందజాలరు. గిడ్డంగి పేర తెరచి మఱచిన ఖాతా యున్నచో ఒకమారు తెరచి చూచుట మేలు.

ఇంత చేసి, ఫలానా చిరునామా సంఘమునదని, దానిని వాడు అధికారము ఫలానా పదవులవారికని పాలకవర్గమువారు ఒక తీర్మానము చేసి మినిట్స్ పుస్తకమున వ్రాసికొనవలయును. ఇది లాంఛనముగా తోచవచ్చును. కాని వివాదము వచ్చిననాడు చూపుటకు అదియొక్కటే యాధారము.

నెలకొల్పు విధము

థండర్‌బర్డును మొజిల్లావారి సొంత తావునుండి మాత్రమే తెచ్చుకొనవలయును. ప్రోగ్రాము మొదటిసారి తెరచినపుడు ‘ఉన్న ఈమెయిలు ఖాతాను చేర్చుము’ అను భావముగల పత్రము కనబడును. తెర రూపము కూర్పు కూర్పునకు కొంత మారుచుండును గాని అడుగు సంగతులు మూడే: పేరు, చిరునామా, పాస్‌వర్డు.

పేరు అనుచోట వ్రాసినదే ఉత్తరము అందుకొనువారికి కనబడును. ఇచ్చట ఉద్యోగి ముద్దుపేరో, ‘ఆఫీసు’ అను వట్టి మాటయో వ్రాయరాదు. బ్యాంకులో దినమునకు వందల ఉత్తరములు చూచువానికి ‘ఆఫీసు’ అనిన ఏ యాఫీసో తెలియదు. సంఘము పూర్తి పేరు, గ్రామము వ్రాయవలయును. తెలుగు లిపిలోనే వ్రాసికొనినను చేరును. చిరునామాను ఇంగ్లీషు చిన్న యక్షరములతో, నడుమ ఖాళీ లేకుండ వ్రాయవలయును. మఱొకచోటినుండి నకలు తీసి అతికించునపుడు చివర ఒక ఖాళీ చేరి, చూపునకు కనబడక, గంటల తరబడి చికాకు పెట్టును.

తరువాత మీట నొక్కిన యెడల ప్రోగ్రాము తానే ఆ చిరునామా ఏ సర్వరునకు చెందినదో వెదకి, ఐమ్యాప్, పాప్ రెండును చూపును. ఐమ్యాప్ ఎన్నుకొనవలయును. జీమెయిలు ఖాతా యైనచో పాస్‌వర్డు ప్రోగ్రామునకు కాక, గూగులువారి సొంత కిటికీ యొకటి తెరచుకొని దానియందు అడుగబడును. 2022 మే 30 నుండి గూగులువారు వట్టి పాస్‌వర్డుతో ఇతర ప్రోగ్రాములను లోనికి రానిచ్చుట మానిరి. ప్రోగ్రామునకు పాస్‌వర్డు ఈయక, ‘వీనిని రానిమ్ము’ అని యొక అనుమతి చీటి మాత్రము ఇప్పించు పద్ధతి వచ్చినది. ఈ కిటికీని చూచి మోసమని మూసివేసినవారు కలరు. మన చేతితో ఖాతా చేర్చుచుండగా వచ్చినచో అది సక్రమమైనదే. ఏ పనియు చేయకుండగా, ఉత్తరములోని లంకెను నొక్కినందున వచ్చినచో అనుమానింపవలసినదే.

సంఘమునకు సొంత చిరునామా యుండి ప్రోగ్రాము సర్వరును కనిపెట్టలేనిచో, ఖాతా నిచ్చినవారి నడిగి చేతితో నింపవలయును. వచ్చు ఉత్తరములకు ఐమ్యాప్ సర్వరు పేరు, ద్వారసంఖ్య 993, భద్రత ఎస్.ఎస్.ఎల్. లేక టి.ఎల్.ఎస్.; పోవు ఉత్తరములకు ఎస్.ఎం.టి.పి. సర్వరు పేరు, ద్వారసంఖ్య 465, భద్రత అదియే; లేదా 587 సంఖ్యతో స్టార్ట్ టి.ఎల్.ఎస్. అను భద్రత. పాప్ కోరువారికి సంఖ్య 995. వాడుక పేరు అనుచోట సాధారణముగా చిరునామా యంతయు వ్రాయవలయును. భద్రత అనుచోట ‘ఏమియు లేదు’ అనునది ఎన్నుకొనిన ఉత్తరమును పాస్‌వర్డును దారిలోనివారెవరైన చదువవచ్చును. అట్లు చేయుమని ఎవరు చెప్పినను వినరాదు.

ఉత్తరములు వచ్చుచుండి పోకున్నచో దోషము పోవు సర్వరు ఏర్పాటులోనే యుండును. వచ్చుటకును పోవుటకును సర్వరులు వేరు, తాళములు వేరుగా నమోదగును గనుక ఒకటి సరియై మఱొకటి తప్పవచ్చును. పాస్‌వర్డు మార్చిన పిమ్మట ఇట్లు జరుగుట సామాన్యము. ఇక ఒక వింత దోషమున్నది. అన్నియు సరిగానే యుండియు ‘ధ్రువపత్రము చెల్లదు’ అను అర్థముగల హెచ్చరిక పదేపదే వచ్చినచో, ముందుగా కంప్యూటరు తేదీని చూడుడు. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన పాత యంత్రములు కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల ఏనాటి తేదీనో చూపును. సర్వరు ధ్రువపత్రమునకు గడువు తేదీలుండును. తేదీ తప్పిన యంత్రమునకు సక్రమమైన పత్రము గూడ చెల్లనిదిగా కనబడును. తక్కువ వెలగల బ్యాటరీ మార్చిన తీరిపోవు పని ఇది. ఇందుకై ప్రోగ్రామును తీసి మరల ఎక్కించుట వృథా శ్రమ.

ఖాతా చేరిన తరువాత ‘అకౌంట్ సెట్టింగ్స్’ అనుచోట ఆ ఖాతాక్రింద సింక్రొనైజేషన్ అను పుటలో, అన్ని ఫోల్డరుల ఉత్తరములను ఈ కంప్యూటరునందు గూడ ఉంచవలయునను గుర్తు పెట్టియున్నదో లేదో చూడవలయును. ఇంటర్నెట్టు లేని దినమున ఉత్తరములు చదువగలుగుట ఈ గుర్తు మీదనే ఆధారపడియుండును. ఉద్యోగి తన సొంత ఖాతాను ఆ కంప్యూటరులో చేర్చుకొనుట మేము మెచ్చము. చేర్చినచో, క్రొత్త ఉత్తరము వ్రాయునపుడు ‘నుండి’ అను వరుసలో ఏ చిరునామా యున్నదో ప్రతిసారి చూడవలయును. సంఘపు ఖాతానే మొదటి ఖాతాగా నిర్ణయింపవలయును. సొంత చిరునామానుండి పోయిన ఇండెంటునకు ప్రత్యుత్తరము సొంత పెట్టెకే వచ్చును. అది సంఘము కంటబడదు.

ఫోల్డరులు, తుడిచివేత

బ్యాంకు, శాఖ, ఎరువులు-విత్తనములు, కొనుగోలు, ఆడిటు: ఇట్లు అయిదారు ఫోల్డరులు చాలును. ఇరువది ఫోల్డరులు చేసికొనినవారు ఏ ఉత్తరము ఎందు వేసితిమో మఱచి, తుదకు వెదకు పెట్టెలోనే వెదకుదురు. ఒక చిరునామానుండి వచ్చువానినెల్ల ఒక ఫోల్డరులోనికి తానే చేర్చునట్లు ‘మెసేజ్ ఫిల్టర్స్’ అనుచోట నియమమును వ్రాయవచ్చును. కాని ఫోల్డరులోనికి పోయిన ఉత్తరమును చూడనివారే పెక్కుమంది గనుక గడువు తేదీలు గల ఉత్తరువుల విషయమున ఈ నియమములు వాడకుండుటే మేలని మా సలహా. వచ్చిన ప్రతి ముఖ్య ఉత్తరమును వెనుకటివలెనే రిజిస్టరులో తేదీతో ఎక్కించుట మానరాదు.

జంకు లేక స్పామ్ అను ఫోల్డరును దినమున కొకమారు చూడవలయును. మంచి ఉత్తరములును అందు పడుచుండును. జీమెయిలులో అందున్నవి 30 దినములకు వానంతట అవియే పోవును. ట్రాష్ అను చెత్తబుట్ట గడువును అంతియే. అనగా పొరబాటున తుడిచిన ఉత్తరమునకు నెల దినముల లోపల మాత్రమే పునర్జన్మము గలదు.

ఉచిత జీమెయిలు ఖాతాకు 15 జి.బి. స్థలమిత్తురు. ఇది ఉత్తరములకే గాక, అదే ఖాతాతో దాచిన ఛాయాచిత్రములకును ఇతర పత్రములకును ఉమ్మడి స్థలము. సంఘపు ఖాతాను ఫోనులో చేర్చిన ఉద్యోగి పెండ్లి ఫొటోలన్నియు దానిలోనికి పోవుచుండిన స్థలము నిండి, క్రొత్త ఉత్తరములు వచ్చుట ఆగిపోవును. నిండిన పెట్టెకు పంపినది పంపినవారికే తిరిగిపోవును. మనకు తెలియనే తెలియదు. ఇట్టి వేళ ఉత్తరములను తుడుచుటకు ముందు ఫోనులోని ఫొటోల ఏర్పాటును చూడవలయును.

పాత సంవత్సరముల ఉత్తరములను సర్వరునుండి తీసి మన యంత్రమున మాత్రమే యుంచదలచినచో, థండర్‌బర్డులోని ‘లోకల్ ఫోల్డర్స్’ అనుదానిలోనికి మార్చవచ్చును. మార్చిన తోడనే సర్వరునుండి పోవునని గుర్తుంచుకొనవలయును. అటుపైన ఆ యంత్రమే వానికి ఏకైక నివాసము. మఱియు, ఉత్తరము తుడిచినను మన యంత్రమున స్థలము వెంటనే ఖాళీ కాదు. ఫోల్డరు ఒక పొడవైన చుట్ట వంటిది. తుడిచిన ఉత్తరముపై కొట్టివేత గుర్తు మాత్రమే పడును. ‘కంపాక్ట్’ అనుదానిని నొక్కిన చుట్టను తిరగవ్రాసి కొట్టివేసినవానిని తీసివేయును. ఆ పని జరుగుచుండగా కంప్యూటరును ఆపరాదు. కరెంటు నమ్మకము లేని ఊళ్లలో యూ.పీ.ఎస్. ఉన్నప్పుడే చేయవలయును.

నకలు

థండర్‌బర్డు ఉత్తరములను, ఏర్పాటులను, చిరునామా పుస్తకమును అన్నిటిని ‘ప్రొఫైల్’ అను ఒక్క ఫోల్డరులో దాచును. సహాయపు పట్టీలో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ అనుదానిని తెరచిన ఆ ఫోల్డరు ఎచ్చటనున్నదో చూపును, అచ్చటినుండియే తెరవను వచ్చును. నెలాఖరు పద్దులు ముగించిన దినముననే, ప్రోగ్రామును పూర్తిగా మూసి, ఆ ఫోల్డరును యథాతథముగా బయటి డిస్కునందు నకలు తీయవలయును. ప్రోగ్రాము నడుచుచుండగా తీసిన నకలు సగము వ్రాసిన పద్దువంటిది. ఆ డిస్కును కంప్యూటరునకు తగిలించియుంచక బీరువాలో పెట్టి తాళము వేయవలయును. ఏలయన ప్రోగ్రామునందు దాచిన పాస్‌వర్డులును అనుమతి చీటులును ఆ నకలులో నుండును. డిస్కు చిక్కినవానికి పెట్టె తాళము చిక్కినట్లే. ‘ప్రైమరీ పాస్‌వర్డు’ అను ఏర్పాటును పెట్టికొనిన ఈ భయము చాలవరకు తగ్గును. ఏడాదికొకమారైనను ఆ నకలును మఱొక యంత్రమున తెరచి, ఉత్తరములు కనబడుచున్నవో లేదో పరీక్షించి చూడవలయును.

మోసపు ఉత్తరము

విత్తనములు సరఫరా చేయు వర్తకునినుండి ఉత్తరము వచ్చినదనుకొందము. ‘మా బ్యాంకు ఖాతా మారినది, ఈసారి సొమ్ము క్రొత్త సంఖ్యకు పంపుడు’ అని యుండును. పేరు వర్తకునిదే, ముద్ర వర్తకునిదే. కాని పేరు అనునది పంపువాడు తన యిష్టము వచ్చినట్లు వ్రాసికొను వరుస యని పైన చెప్పితిమి గదా. ఉత్తరమునందలి పేరుమీద నొక్కి పూర్తి చిరునామాను అక్షరమక్షరము చూచిన, ఒక అక్షరము తేడా కనబడవచ్చును. తేడా లేకున్నను నమ్మరాదు. వర్తకుని పెట్టెయే దొంగ చేత బడియుండవచ్చును. సొమ్ముకు సంబంధించిన మార్పు ఏదైనను, పాత బిల్లుమీదనున్న ఫోను సంఖ్యకు మాటలాడి నిర్ధారించుకొనవలయును. ఆ ఉత్తరములోనే ఇచ్చిన సంఖ్యకు మాటలాడుట దొంగనే సాక్షి నడుగుట. సొమ్ము పోయిన పక్షమున ఆలస్యము చేయక 1930 అను జాతీయ సంఖ్యకు ఫోను చేయవలయును. ముందుగా తెలిపిన కొలది ఆ సొమ్మును బ్యాంకులలో నిలుపుదల చేయించు అవకాశము హెచ్చు.

తెలుగు ఉత్తరములు పంపువారికొక మాట. డి.టి.పి. దుకాణమున అను ఫాంట్లతో కూర్చిన ఉత్తరమును ఉన్నదున్నట్లు పంపిన, ఆ ఫాంట్లు లేని యంత్రమున ఇంగ్లీషక్షరముల గందరగోళము కనబడును. యూనికోడు తెలుగులో వ్రాయవలయును, లేదా పి.డి.ఎఫ్. చేసి జతపరుపవలయును. జీమెయిలులో జతపరచు పత్రముల పరిమితి 25 ఎం.బి.; దారిలో పత్రము పరిమాణము మూడవ వంతు పెరుగును గనుక ఆ హద్దు దాక పోరాదు. ఫోనుతో తీసిన పాసుపుస్తకముల ఫొటోలు పదునైదు ఒక్కసారి జతచేసి, ఎందుకు పోలేదని యంత్రమును తిట్టుట న్యాయము కాదు.

కార్యదర్శి మారునపుడు

చార్జి అప్పగింత నాడు నగదు, పుస్తకములు, తాళములతోపాటు ఈమెయిలును అప్పగింపవలయును. ఆ పని పోవువారును వచ్చువారును కంప్యూటరు ముందు కలసి కూర్చుండి చేయవలసినది. పాస్‌వర్డు క్రొత్తది వేయవలయును. తిరిగి పొందు ఫోను సంఖ్యయు, రెండవ చిరునామాయు ఎవరివో తెరచి చూచి, పోవువారివైనచో మార్చవలయును. ఖాతా భద్రత పుటలో ఏయే యంత్రములందు ఖాతా తెరచియున్నదో జాబితా కనబడును; కార్యాలయమునకు చెందనివానిని అన్నిటిని అచ్చటినుండి బయటికి పంపవలయును. ఉత్తరములను మఱొక చిరునామాకు తమంతట తామే పంపుచుండు ఏర్పాటు ఏదైన మిగిలియున్నదేమో చూచుట మఱువరాదు. పాస్‌వర్డు మార్చినను అది ఆగదు.

పాతవారి ఖాతాను కంప్యూటరునుండి తీయునపుడు రెండు పనుల భేదము నెఱుగవలయును. థండర్‌బర్డులో ‘రిమూవ్ అకౌంట్’ అనిన ఆ కంప్యూటరునుండి మాత్రమే ఖాతా తొలగును. ఐమ్యాప్ ఖాతా యైన సర్వరునందలి ఉత్తరములు చెక్కుచెదరవు. అప్పుడే ‘ఉత్తరములను గూడ తొలగింపవలెనా’ యని ఒక గడి కనబడును. పాప్ ఖాతా యైనచో దానిలో గుర్తు పెట్టుట ఫైలులను పొయ్యిలో వేయుటయే. గూగులువారి పుటకు పోయి ‘ఖాతాను తొలగింపుము’ అనుట పూర్తిగా వేరు. దానితో పెట్టెయే మాయమగును. మొదటిది చేయబోయి రెండవది చేయు ప్రమాదమున్నది గనుక తొలగింపు పనికి ముందు నకలు తీయవలయును.

అప్పగింత కాగితమున వ్రాయదగిన వాక్యము లివి: ‘సంఘపు ఈమెయిలు చిరునామా ఫలానా. ఈ దినమున పాస్‌వర్డు మార్చబడినది. తిరిగి పొందు సంఖ్య సంఘపు సిమ్‌కార్డుదే. ఆ సిమ్‌కార్డు అప్పగింపబడినది. ఇతర యంత్రములనుండి ఖాతా తీసివేయబడినది. ఫలానా తేదీ వరకు నకలు తీసిన డిస్కు ఒకటి అప్పగింపబడినది.’ దీనిక్రింద ఉభయులును అధ్యక్షులును సంతకములు చేయవలయును. క్రొత్త పాస్‌వర్డును మాత్రము ఈ కాగితమున వ్రాయక, వేరొక కవరులో నుంచి లక్క ముద్ర వేసి, నగదు పెట్టెలో భద్రపరుపవలయును.